అప్‌డేట్: రస్ట్‌డెస్క్ సొంత సర్వర్ పనిచేస్తోంది

పోయిన వారం ఇక్కడ మిమ్మల్ని అడిగింది ఇదీ: ఖమ్మంలో మా బావగారి జిరాక్స్ షాపులో ఆరు విండోస్ కంప్యూటర్లు. అన్నీ హోమ్ ఎడిషనే, కాబట్టి విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్‌తో వాటిలోకి వెళ్లలేం. హైదరాబాద్ నుంచి చూసుకుందామని దూరం నుంచి కంప్యూటర్లను నడిపించే రస్ట్‌డెస్క్ సాఫ్ట్‌వేర్‌కి అద్దె సర్వర్ మీద సొంత సర్వర్ పెట్టాను. కానీ ఆ ఆరింటిలో ఒక్కటీ 'రెడీ' అనలేదు, అంటే సర్వర్‌కి కనెక్ట్ కాలేదు.

తప్పు నాదే. సర్వర్ ఫైర్‌వాల్‌లో 21115 నుంచి 21117 దాకా టీసీపీ పోర్టులు (నెట్ రాకపోకలకు నంబర్లున్న ద్వారాలు) తెరిచాను గానీ, 21116కి యూడీపీ అనే ఇంకో రకం రాకపోకలు కూడా కావాలన్నది మరిచాను. ఒక్కో కంప్యూటర్ ఐడీ సర్వర్‌లో నమోదయ్యేది దాని మీదే. మీరు చెప్పగానే తెరిచాను, ఆరూ వచ్చేశాయి. దీనికి రెండు రాత్రుల నిద్ర పోయింది!

ఇంకో తలనొప్పి: అడ్మిన్ అనుమతి అడిగినప్పుడల్లా నా వైపు నుంచి ఏదీ నొక్కలేకపోయేవాణ్ణి. షాపు కంప్యూటర్లలో రస్ట్‌డెస్క్ ఫైల్‌ను ఇన్‌స్టాల్ చేయకుండా ఊరికే రన్ చేస్తే అంతేనట. ఇన్‌స్టాల్ చేస్తే విండోస్ సర్వీస్‌గా (వెనకాల నడిచే ప్రోగ్రామ్‌గా) నడుస్తుంది, అప్పుడు ఇబ్బంది లేదు. ఒక్కో కంప్యూటర్‌లో పెట్టాల్సిన సర్వర్ పబ్లిక్ కీని (పొడవాటి అక్షరాల వరుస) మొదట ఫోన్‌లో చదివి బావగారితో టైప్ చేయించబోయాను. పెద్దక్షరమా చిన్నక్షరమా అని గొడవయ్యాక వాట్సాప్‌లో పంపాను.

మిగిలింది ఒక్కటే. షాపు మూసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపేస్తారు, రాత్రిపూట అప్‌డేట్లు చేయలేను. దానికి సాఫ్ట్‌వేర్ లేదు, ఆదివారం వెళ్లి బావగారినే అడగాలి.