రెండు కార్లూ "లెవెల్ 2" అయినప్పుడు నడకలో ఇంత తేడా ఎందుకు?

నెమ్మదిబండి:
కొత్త కారు కొనే ఆలోచనతో రెండు కంపెనీల కార్లను నడిపి చూశాను. రెండింటి కరపత్రాల్లోనూ "లెవెల్ 2 అడాస్" (డ్రైవరుకు నడపడంలో సాయపడే ఎలక్ట్రానిక్ వ్యవస్థలు) అనే రాసి ఉంది, సదుపాయాల జాబితాలు కూడా దాదాపు ఒకటే. అయినా ఒక కారు గీతల మధ్య నిలకడగా సాగితే, రెండోది గీత దాకా పోయి అక్కడ స్టీరింగును కుదిపి వెనక్కి నెట్టింది. ముందున్న బండి ఆగినప్పుడు మొదటిది తానే ఆగి, అది కదలగానే తానే కదిలింది. రెండోది కొంతవరకు వేగం తగ్గించి, ఇక మీరే చూసుకోండి అన్నట్టు మోగి వదిలేసింది. ఒకే అంకె తగిలించుకున్న రెండు కార్లు ఇంత వేరుగా ఎందుకున్నాయో, కొనే ముందు ఏమేమి అడిగి తెలుసుకోవాలో, ఇవి వాడుతున్నవారు తమ అనుభవంతో చెప్పగలరని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

మీటరుముల్లు:
ముందుగా ఆ అంకె సంగతి తేల్చుకుంటే తికమక చాలావరకు పోతుంది. ఈ లెవెళ్లను నిర్వచించింది ఎస్‌ఏఈ ఇంటర్నేషనల్ అనే ఇంజినీర్ల సంస్థ. జె3016 అనే ఆ ప్రమాణం 2014లో మొదట వెలువడింది, తర్వాత కొన్ని సవరణలు జరిగాయి. 0 నుంచి 5 వరకు ఉన్న ఆ అంకెలు కారు ఎంత బాగా నడుస్తుందో చెప్పవు. స్టీరింగు తిప్పడం, వేగాన్ని అదుపు చేయడం, దారిని గమనించడం, ఏదైనా చెడితే ఆదుకోవడం అనే పనుల్లో ఏది ఎవరి బాధ్యతో మాత్రమే చెబుతాయి. స్టీరింగును, వేగాన్ని రెండింటినీ ఎడతెగకుండా కారే చూసుకుంటూ, దారిని గమనించే పని మాత్రం పూర్తిగా డ్రైవరుకే మిగిలితే అది లెవెల్ 2. ఆ రెండింట్లో ఒక్కటే చూసుకుంటే లెవెల్ 1.

ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు దానంతట అది పడే ఎమర్జెన్సీ బ్రేకు ఈ కొలతలో లెవెల్ 0 కిందికే వస్తుందని చెబితే చాలామంది నమ్మరు. అది క్షణకాలం జోక్యం చేసుకుని తప్పుకుంటుందే తప్ప నడిపే పనిని తన చేతిలోకి తీసుకోదు కాబట్టి దానికి ఆ స్థానమే దక్కింది. గీత దగ్గర స్టీరింగును ఒక్కసారి నెట్టి ఊరుకునే సదుపాయం కూడా అంతే. అందువల్ల, మీరు నడిపిన రెండో కారులో స్టీరింగుకు ఉన్నది ఆ నెట్టుడు ఒక్కటే అయితే, ఎడతెగకుండా చూసుకునేది వేగాన్ని మాత్రమే కాబట్టి, నిర్వచనం ప్రకారం అది లెవెల్ 1 మాత్రమే. కరపత్రం రాసినవారు ఉదారంగా ఒక మెట్టు పెంచారనుకోవాలి.

రాత్రిపయనం:
నా పాత కారులో ఉన్నది లేన్ కీప్ అసిస్ట్, ఇప్పటి కారులో ఉన్నది లేన్ సెంటరింగ్. పేర్లు పక్కపక్కనే కనిపిస్తాయి కానీ వాడుకలో వీటికి పోలిక లేదు. మొదటిది క్యారమ్ బల్ల అంచుకు తగిలి వెనక్కి వచ్చే కాయలాగా కారును ఒక గీత నుంచి మరో గీతకు పంపుతుంది. నిద్రమత్తులో బండి పక్కకు జారినప్పుడు అది ఎంతో మేలు చేస్తుంది కానీ, దాన్ని నమ్ముకుని ప్రయాణం చేయడానికి అది పుట్టలేదు. రెండోది రెండు గీతలనూ నిరంతరం చూస్తూ మధ్య దారిని లెక్కగట్టి, స్టీరింగును చిన్న చిన్న సర్దుబాట్లతో పట్టి ఉంచుతుంది.

సెంటరింగ్ ఉన్న కార్లలో కూడా మరో తేడా ఉంది, దీన్ని నడిపి చూస్తేనే గ్రహించగలం. గుంతను తప్పించడానికో, పక్క లారీకి కాస్త దూరం జరగడానికో నేను స్టీరింగును కొద్దిగా తిప్పినప్పుడు కొన్ని కార్లు నాతో కలిసి తిరిగి, నేను వదలగానే మళ్లీ మధ్యకు వస్తాయి. కొన్ని మొండిగా ఎదురు లాగుతాయి. ఇంకొన్ని నేను ముట్టుకున్నానని అలిగినట్టు మొత్తం వ్యవస్థనే ఆపేస్తాయి. ఈ మూడో రకం నాకు అన్నిటికంటే అపాయంగా తోస్తుంది, ఎందుకంటే ఆగిపోయిందన్న గుర్తు కొన్ని కార్లలో డాష్‌బోర్డు మీద ఆకుపచ్చ బొమ్మ బూడిద రంగుకు మారడం తప్ప మరేమీ ఉండదు. ఐరోపాలో కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2020 నుంచి ఈ సహాయక వ్యవస్థలకు విడిగా గ్రేడ్లు ఇస్తూ, డ్రైవరు గుంతను తప్పించబోతే కారు ఎంత సహకరిస్తుందో కూడా పరీక్షిస్తోంది. కొనేముందు ఆ నివేదికలు చూడటం మంచిది.

చక్రధారి:
వేగం సంగతి నేను చెబుతాను. ముందు బండిని బట్టి వేగాన్ని తానే సర్దుకునే అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్ కొత్తది కాదు. 1995లో మిత్సుబిషి డయమాంటే కారులో లేజరుతో ముందు బండి దూరాన్ని కొలిచి ఇంధనాన్ని, గేరును మాత్రమే సర్దే వ్యవస్థ వచ్చింది, దానికి బ్రేకు వేసే అధికారం లేదు. 1999లో మెర్సిడెస్ ఎస్ క్లాసులో రాడారుతో, బ్రేకుతో సహా వచ్చింది. ఈనాటికీ చవక రకం వ్యవస్థలు ఒక వేగం కంటే దిగువకు పనిచేయవు, ఖరీదైనవి పూర్తిగా ఆగి మళ్లీ బయలుదేరతాయి. మీరు చూసిన తేడా ఇదే.

అసలు జాగ్రత్త పడవలసింది ఆగి ఉన్న వాహనాల విషయంలో. రాడారు ఎదుటి వస్తువు దూరాన్ని, అది మనవైపు ఎంత వేగంగా వస్తోందో చక్కగా కొలుస్తుంది. కానీ మనం గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దారి పక్క రెయిలింగు, తలపైనున్న బోర్డు, వంతెన, రోడ్డు మీది ఇనుప మూత, ఆగిపోయిన లారీ అన్నీ అదే 100 కిలోమీటర్ల వేగంతో మీదికి వస్తున్నట్టు దానికి కనిపిస్తాయి. పాత తరం రాడార్లకు ఎత్తును విడదీసి చూసే శక్తి తక్కువ కావడంతో, ప్రతి బోర్డుకూ బ్రేకు పడకుండా ఉండేందుకు కదలని వస్తువులను చాలావరకు లెక్కలోంచి తీసేసేవారు. కెమెరాను జోడించాక ఇది బాగా మెరుగుపడింది. అయినా ముందున్న బండి హఠాత్తుగా పక్క లేన్‌లోకి తప్పుకుని, దాని వెనక దాగి ఉన్న ఆగిన వాహనం బయటపడే సందర్భం ఇప్పటికీ కష్టమైన పరీక్షే. ఆగిన వాహనాలను గుర్తించకపోవచ్చని యజమాని పుస్తకాల్లో హెచ్చరిక ఉంటుంది, చదివేవారే అరుదు.

దూరం అమర్చే మీట గురించి కూడా ఒక మాట. అది మీటర్లను కాక సెకన్లను మారుస్తుంది. 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు సుమారు 28 మీటర్లు పోతాం కాబట్టి, ఒక సెకను ఎడం అంటే 28 మీటర్లు, రెండు సెకన్లంటే 56. ఎడం ఎక్కువ పెడితే పక్కవాళ్లు మధ్యలో దూరుతారని చాలామంది కనిష్ఠంలో పెట్టేస్తారు; దూరితే కారే మళ్లీ వెనక్కి తగ్గుతుంది, మనకు పోయేదేమీ లేదు.

కిటికీసీటు:
మా ఇంటి కారులో చేతులు స్టీరింగు మీదే ఉన్నా "చేతులు పెట్టండి" అని పదే పదే మోగుతుంది. స్నేహితుడి కారులో ఒక వేలు ఆనించినా ఊరుకుంటుంది. ఇదేమైనా లోపమా?

మీటరుముల్లు:
లోపం కాదండీ, కొలిచే పద్ధతి వేరు. మీ కారులో బహుశా స్టీరింగు మీద పడే మెలి బలాన్ని కొలిచే సెన్సరు ఉంది. తిన్నని దారిలో చేతులు ఊరికే ఆనించి ఉంచితే దానికి ఏమీ తెలియదు, కొద్దిగా కదిపితేనే నమ్ముతుంది. మీ స్నేహితుడి కారులో స్టీరింగు చుట్టూ స్పర్శను పసిగట్టే పొర ఉండవచ్చు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన ఆర్79ను అనుసరించే దేశాల్లో, లేన్ మధ్యలో నడిపే వ్యవస్థ చేతులు వదిలిన 15 సెకన్లలోపు కంటికి కనిపించే హెచ్చరిక ఇవ్వాలి, 30 సెకన్లలోపు శబ్దం కూడా చేయాలి.

అదే నిబంధన వంపుల్లో పక్కకు లాగే త్వరణాన్ని సెకనుకు సెకనుకు 3 మీటర్లకు పరిమితం చేస్తుంది. లెక్క వేస్తే, 100 కిలోమీటర్ల వేగంలో సుమారు 257 మీటర్ల వ్యాసార్థం కంటే బిగువైన మలుపును ఆ కారు తనంతట తాను తిప్పలేదు. మలుపు మధ్యలో స్టీరింగు చేతికి వదిలేసిందని కొందరు చేసే ఫిర్యాదుకు ఇదొక కారణం.

చేతుల కంటే కళ్లను చూడటం మేలైన పద్ధతి. 2017లో క్యాడిలాక్ సీటీ6తో వచ్చిన సూపర్ క్రూయిజ్ ముందే లైడారుతో (లేజరు కిరణాలతో దూరాలు కొలిచే పరికరం) కొలిచి పటం గీసిన రహదారుల్లో మాత్రమే చేతులు వదలనిస్తుంది, బదులుగా ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో డ్రైవరు తల, కళ్లు దారి వైపే ఉన్నాయో లేదో కనిపెడుతుంది. ఫోర్డ్ 2021లో తెచ్చిన బ్లూక్రూయిజ్ కూడా ఈ కోవలోదే. చేతులు వదిలినా ఇవి రెండూ లెవెల్ 2నే అన్నది మరచిపోకూడదు, ఎందుకంటే దారిని గమనించే బాధ్యత ఇంకా మనిషిదే.

పాతకాపు:
చదువుతున్న కొద్దీ నాకు ఒకటే అనిపిస్తోంది. పూర్తిగా నడపని యంత్రం పక్కన కాపలా కూర్చోవడం కంటే మనమే నడపడం తేలిక కాదా? పనిచేసే మనిషికి ఏకాగ్రత ఉంటుంది, కాపలా మనిషికి కునుకు వస్తుంది.

రాత్రిపయనం:
మీ అభ్యంతరంలో సగం నిజం, సగం కాదు. అమెరికాలో రహదారి భద్రతను పరిశోధించే ఐఐహెచ్‌ఎస్ సంస్థ 2024 మార్చిలో 14 లెవెల్ 2 వ్యవస్థలను, డ్రైవరు ధ్యాసను ఎంత బాగా నిలుపుతాయన్న దృష్టితో పరీక్షించగా, 11 వ్యవస్థలకు "పేలవం" అనే గ్రేడు వచ్చింది, "ఆమోదయోగ్యం" అనిపించుకున్నది ఒక్క లెక్సస్ టీమ్‌మేట్ మాత్రమే. కాబట్టి కాపలా మనిషి కునుకు గురించి మీరన్నది కాదనలేను. కానీ అదే సంస్థ అధ్యయనాల్లో ఎమర్జెన్సీ బ్రేకు, ముందస్తు హెచ్చరిక కలిసి ఉన్న కార్లు ముందు బండిని వెనక నుంచి గుద్దే ప్రమాదాలు దాదాపు సగానికి తగ్గాయి. అంటే లెవెల్ 0 అని మీటరుముల్లు గారు చెప్పిన ఆ చిన్న సదుపాయమే నిరూపితమైన మేలు చేస్తోంది. లెవెల్ 2 వల్ల ప్రమాదాలు తగ్గినట్టు గట్టి ఆధారం ఆ సంస్థకు దొరకలేదు. నా మట్టుకు నేను లెవెల్ 2ను అలసట తగ్గించే సౌకర్యంగానే చూస్తాను, రక్షణ కవచంగా కాదు.

పాతకాపు:
ఈ విభజన నాకు నచ్చింది. అయితే మరి లెవెల్ 3 వస్తే ఈ కాపలా బాధ తీరుతుందా?

చక్రధారి:
తీరుతుంది, చాలా చిన్న పరిధిలో. లెవెల్ 3 అంటే దారిని గమనించే పని కూడా కారుదే, అది పిలిచినప్పుడు మాత్రం మనిషి పగ్గాలు అందుకోవాలి. ఆడి సంస్థ 2017లో ఏ8 కారుకు ఇది తెస్తామని ప్రకటించి, 2020లో ఆలోచన విరమించింది. 2021 మార్చిలో జపాన్‌లో హోండా లెజెండ్ 100 కార్లతో, లీజు పద్ధతిలో, ట్రాఫిక్ రద్దీలో మాత్రమే పనిచేసేలా వచ్చింది. 2022లో జర్మనీలో మెర్సిడెస్ డ్రైవ్ పైలట్ అనే వ్యవస్థను అమ్మకానికి పెట్టింది. మోటారు రహదారుల మీద, గంటకు 60 కిలోమీటర్లకు మించకుండా, అనుకూలమైన వాతావరణంలో మాత్రమే అది బాధ్యత తీసుకునేది, తర్వాత అక్కడ ఆ పరిమితిని 95కు పెంచారు. చక్రపు గూటిలో తడిని గుర్తించే సెన్సరు, అంబులెన్సు సైరన్ వినడానికి మైకు కూడా అందులో పెట్టారంటే, "నేను చూసుకుంటాను" అన్న ఒక్క మాట వెనక ఎంత సరంజామా కావాలో అర్థమవుతుంది. ఈ రకానికి ఉన్న ఆర్157 నిబంధన ప్రకారం, కారు పగ్గాలు తీసుకోమని పిలిచాక మనిషి స్పందించకపోతే కనీసం 10 సెకన్లు వేచి చూసి, తర్వాత తానే బండిని జాగ్రత్తగా నిలపాలి. లెవెల్ 2లో అలాంటి పది సెకన్ల హామీ ఏదీ లేదు, అది ఏ క్షణాన వదిలినా పట్టుకోవలసింది మనమే.

నెమ్మదిబండి:
అందరికీ కృతజ్ఞతలు. మరోసారి రెండు కార్లనూ నడపబోతున్నాను. ఏమేమి చూడమంటారు?

రాత్రిపయనం:
పగలు ఒకసారి, వీలైతే చీకటి పడ్డాక ఒకసారి నడపండి. గీతలు చెరిగిపోయిన చోట వ్యవస్థ తప్పుకుంటే ఆ సంగతి శబ్దంతో చెబుతుందా, మౌనంగా తప్పుకుంటుందా అన్నది మొదట గమనించండి. లేన్‌లోపలే స్టీరింగును మృదువుగా పక్కకు తిప్పి, సహకరిస్తుందో ఎదురు తిరుగుతుందో చూడండి. బ్రేకు తొక్కితే క్రూయిజ్ ఒక్కటే ఆగుతుందా, స్టీరింగు సహాయం కూడా ఆగుతుందా అన్నది కారు కారుకూ మారుతుంది కాబట్టి, అది ముందే తెలిసి ఉండాలి. ఆగిన వాహనాన్ని గుర్తిస్తుందో లేదో మాత్రం రోడ్డు మీద పరీక్షించవద్దు, అందుకు పుస్తకం చదివితే చాలు.

మీటరుముల్లు:
ఇంకొకటి. ముందు అద్దం మీది కెమెరా గానీ, బంపరులోని రాడారు గానీ దెబ్బతింటే మళ్లీ కొలతలు సరిచేయించాలి. అద్దం మార్చినప్పుడు ఆ సర్దుబాటు ఎవరు చేస్తారో, బీమా దాన్ని భరిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల గురించి కూడా అడగాలి; 2023 డిసెంబరులో అమెరికాలో టెస్లా 20 లక్షలకు పైగా కార్లను రీకాల్ చేసినప్పుడు, డ్రైవరు ధ్యాసను గమనించే పద్ధతిని ఇంటర్నెట్ ద్వారానే మార్చింది. మీరు నడిపి చూసి నచ్చిన ప్రవర్తన ఏడాది తర్వాత అలాగే ఉండాలన్న నియమం లేదు, కాబట్టి ప్రతి అప్‌డేట్ తర్వాత వచ్చే మార్పుల చీటీని తెరపై కనిపించగానే కొట్టేయకుండా చదవండి.