తేటగీతిలో 1930 ఇమిడేదెలా?

తేటగీతి ప్రియుడు:
ఉప్పు సత్యాగ్రహం మీద ఖండకావ్యం రాస్తున్నాను. నలభై తేటగీతులయ్యాయి, అంటే ఆ ఛందస్సులో నలభై నాలుగు పాదాల పద్యాలు. గాంధీజీనీ, ఆయన వెంట 78 మందినీ సబర్మతి ఆశ్రమం నుంచి బయలుదేరదీసి దండి దాకా నడిపించాను. నేను మాత్రం సంవత్సరం దగ్గర ఆగిపోయాను. ‘పందొమ్మిది వందల ముప్పై’ని పాదం మొదట పెడితే పం, దొ రెండూ గురువులే (బరువైన అక్షరాలు), అక్కడ రావాల్సిన సూర్యగణం పొసగదు. మధ్యకు జరిపితే ఏ గణానికీ ఒదగని ‘దివంద’ అడ్డం పడుతుంది. మూడు రాత్రులు కుస్తీ పట్టి, చివరికి శాసనకవుల్లా భూతసంఖ్యలకు, అంటే అంకెలను వస్తువుల పేర్లతో చెప్పే పద్ధతికి దిగాను:

గగన గుణనిధి చంద్రాఖ్య గణన లోన

గగనం సున్నా, గుణాలు మూడు, నిధులు తొమ్మిది, చంద్రుడు ఒకటి. వెనక నుంచి చదువుకుంటే 1930. గణాలు కుదిరాయి, యతీ (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొంతన) కుదిరింది. మురిసిపోయి మా అమ్మాయికి వినిపిస్తే, “ఈ గుణనిధి ఎవరు నాన్నా?” అంది. వచన కవిత రాసుకోమని మాత్రం చెప్పకండి, ఆ సలహా ఇప్పటికే చాలామంది ఇచ్చారు.

పద్యపాదం:
పాదం చక్కగా ఉందండీ. కానీ గుణనిధి అనగానే నాకు గుర్తొచ్చేది శివరాత్రి కథలోని జూదరి. గాంధీజీ పక్కన ఆయన ఎందుకు? ‘శిఖినిధి’ అనండి. శిఖి అంటే అగ్ని, త్రేతాగ్నులు మూడు. నాలుగూ లఘువులే (తేలిక అక్షరాలు) కాబట్టి గణం చెదరదు.

చరిత్ర పాఠాలు:
చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని, తేదీలంటే నాకు పగ లేదు. అయినా ఆ పాదం తీసేయండి. సంవత్సరాన్ని శీర్షిక కింద అంకెల్లో వేస్తే ఎవరూ కాదనరు. అది సరే, మీ నలభై పద్యాల్లో ఉప్పు మీద ఎన్ని ఉన్నాయి? 1882 చట్టంతో ఉప్పు తయారీ, అమ్మకం ప్రభుత్వం గుప్పిట్లోకి పోయాయి. సముద్రం ఊరికే ఒడ్డున వదిలిపెట్టినదాన్ని ఏరుకోవడం నేరమైంది. పద్యం అక్కడుంది, పంచాంగంలో లేదు. ఇంకో మాట: దండి చేరింది ఏప్రిల్ 5న, ఉప్పు తీసింది మర్నాడు ఉదయం. మధ్యలో ఒక రాత్రి ఉందండీ. అంతమంది, ఇరవై నాలుగు రోజులు నడిచిన కాళ్ళు, పక్కనే సముద్రపు హోరు. ఆ రాత్రి మీద ఒక్క పద్యమైనా రాశారా?

పద్యపాదం:
ధరాసన ఉప్పు కొఠార్ల మీదికి వెళ్ళిన సత్యాగ్రహాన్ని కూడా వదలకండి. మే 21న లాఠీలు పడుతుంటే చెయ్యి కూడా అడ్డం పెట్టుకోకుండా వరుస వెంట వరుస ముందుకు నడిచారు. వాళ్ళను నడిపించిన సరోజినీ నాయుడు స్వయంగా కవయిత్రి.

తేటగీతి ప్రియుడు:
మేడమ్, మీ ప్రశ్న చూసి లెక్కపెట్టుకున్నాను. ఉప్పు మీద రెండంటే రెండు. ఊళ్ళ పేర్ల మీద పదకొండు! రాత్రి మీద ఒక్కటీ లేదు. ధరాసనకు ఇంకా ధైర్యం చాలడం లేదు. లాఠీ దెబ్బ దగ్గర యతి వెతుక్కుంటూ కూర్చోవడం ఎందుకో తప్పుగా తోస్తోంది. సంవత్సరం ఖాళీ చేసిన చోట నిన్న రాత్రి ఇది వచ్చింది:

ఉప్పు పిడికెడు, బురదతో నుండె నాడు

మిగతా మూడు పాదాలు ఇంకా రాలేదు. శిఖినిధిని చెరిపెయ్యలేదు లెండి, నోటుపుస్తకం మార్జిన్లో దాచుకున్నాను.