బరువైన ఫ్లైబార్‌తో హెలికాప్టర్ ఎందుకు మందగిస్తుంది?

ప్రశ్న (విజయనగరం): మా ఊరి అయోధ్య మైదానంలో ఎగరవేసే నా మోడల్ హెలికాప్టర్ గాలికి ఊగుతోందని ఫ్లైబార్ (పై రెక్కలతో పాటు తిరిగే సన్నని కడ్డీ) చివర్లకు బరువైన పాడిల్స్ (చిన్న రెక్కలు) బిగించాను. నిలకడ వచ్చింది గాని, రిమోట్ స్టిక్ కదిపినా తాపీగా వంగుతోంది. కారణమేమిటండీ?

జవాబు (శ్రీకాకుళం): అది లోపం కాదండీ. తిరిగే ఫ్లైబార్ గైరోలా, అంటే వేగంగా తిరిగే బొంగరంలా, తాను తిరిగే తలాన్ని నిలుపుకోవాలని చూస్తుంది. చివర్లలో బరువు పెరిగేకొద్దీ ఆ మొండితనమూ పెరిగి, గాలి తోపుకే కాక మీ స్టిక్‌కు కూడా ఆలస్యంగా లొంగుతుంది.

మరో జవాబు: పాడిల్ వెడల్పు కూడా చూడండి. వెడల్పైన, తేలికైన పాడిల్ గాలిని బాగా పట్టడంతో హెలికాప్టర్ చురుగ్గా వంగుతుంది. 1946లో పౌర వినియోగానికి అనుమతి పొందిన బెల్ 47 అనే అసలు హెలికాప్టర్‌కైతే పాడిల్స్ లేవు, బార్ చివర్లలో బరువులే.

ప్రశ్నించినవారు: తేలికైనవి బిగించాను, చురుకుదనం వచ్చింది. రెండు పాడిల్స్ మధ్య అర గ్రాము తేడా ఉంటే, తేలికైన దానికి టేపు ముక్క అంటించాక వణుకూ పోయింది.