పుస్తకం చూసి నీటిరంగులు నేర్చుకుంటున్నవారి అనుభవాలు

పర్లాకిమిడి నుంచి:
ఆరు నెలలుగా ఒక బోధనా పుస్తకాన్ని ముందు పెట్టుకొని నీటిరంగులు అభ్యసిస్తున్నాను. మొదటి పూత పది నిమిషాల్లో ఆరుతుందని అందులో ఉన్నది. శ్రావణమాసంలో మా ఇంట్లో అరగంట గడిచినా తడి పోలేదు. ఆరిందనుకొని మహేంద్రగిరి వరుసను వేయగా, కొండల నీలం ఆకాశంలోకి పాకి, అంచులు కాలీఫ్లవర్ పువ్వులా విచ్చుకున్నాయి. తప్పు నా చేతిదా, కాగితానిదా?

సిరోంచ నుంచి:
మాకు కష్టం దీనికి సరిగ్గా వ్యతిరేకం. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటును వైశాఖంలో వేయబోతే, కుంచె కాగితం కుడి అంచుకు చేరేలోపే ఎడమవైపు ఆరిపోయి చారలు పడ్డాయి. ఇప్పుడు కాగితాన్ని రెండు వైపులా తడిపి పలకకు అంటించి, వెడల్పు కుంచెతో తెల్లవారుజామునే వేస్తున్నాను.

బరంపురం నుంచి:
అమ్మా, తప్పు మీ చేతిది కాదు. పుస్తకంలోని నిమిషాలు అది రాసినవారి ఊరి గాలికి చెందినవి. మీరు గడియారాన్ని విడిచి కాగితం మీది మెరుపును చూడండి. నీరు తళతళలాడుతున్నంతసేపు రంగు మెత్తగా వ్యాపిస్తుంది. ఆ మెరుపు అప్పుడే తగ్గిన వేళ కుంచెలో నీరు ఎక్కువగా ఉంటే, అది ఆరుతున్న రంగును పక్కకు నెట్టి మీరు చెప్పిన పువ్వును పుట్టిస్తుంది. మెరుపు పూర్తిగా పోయిన తరువాత కూడా చేతి వెనుకభాగాన్ని ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే.

మరొక మాట. మన పక్కనున్న పటచిత్రకారులు, అంటే గుడ్డ మీద సంప్రదాయ బొమ్మలు వేసేవారు, శంఖపు పొడితో తెలుపును తయారుచేసి వేస్తారు, కానీ నీటిరంగుల్లో తెలుపంటే ఖాళీగా విడిచిన కాగితమే. పటచిత్రాలు చూస్తూ పెరిగిన నాకు ఈ విడిచిపెట్టడం అలవడడానికే ఏడాది పట్టింది. చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే నూలు కాగితం కొనండి. పలుచని కాగితం ఉబ్బి గుంటలు పడుతుంది.

పర్లాకిమిడి నుంచి:
మీరు చెప్పినట్టు చేతిని ఆనించి, చల్లదనం పోయేదాకా ఆగాను. ఈసారి కొండల అంచు నిలిచింది. అయితే పాత కట్టలోని కాగితంపై రంగు అద్దుడు కాగితంలోలా ఇంకి మచ్చలు పడుతోంది.

బరంపురం నుంచి:
రంగు వెంటనే ఇంకిపోకుండా కాగితానికి పట్టించిన జిలటిన్ అనే జిగురు తేమకు చెడితే అలాగే అవుతుంది. ఆ కట్టను అభ్యాసానికి వాడండి. కొత్తదాన్ని పాలిథీన్ సంచిలో గట్టిగా చుట్టి, గోడకు తగలకుండా ట్రంకుపెట్టెలో ఉంచండి.