‘సిమెంట్ బాండ్’కి ‘బంధం’ కాదు, ‘పట్టు’ అందామా?

చమురు బావుల డ్రిల్లింగ్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లల కోసం తెలుగులో నోట్సు రాస్తూ ‘సిమెంట్ బాండ్ లాగ్’ (బావిలోని పైపు వెనక పోసిన సిమెంటు ఎంత బాగా అతుక్కుందో లోతువారీగా చూపే నమోదు) దగ్గర ఆగిపోయాను. ‘సిమెంటు బంధ నమోదు’ అని ఒకరు సూచించారు కానీ, అది చదివితే బావిలో జరిగే పనేమిటో కళ్లకు కట్టదు.

నా ఓటు ‘పట్టు’కే. గోడకి ప్లాస్టరింగ్ సరిగా అతుక్కోకపోతే మేస్త్రీ వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి విని, ‘ఇక్కడ పట్టలేదండీ, గుల్లగా ఉంది’ అంటాడు కదా, మనం కేబుల్ మీద దింపే పరికరం చేసేదీ అచ్చంగా అదే. కేసింగ్ పైపుని, అంటే బావి గోడ కూలకుండా దింపే ఉక్కు గొట్టాన్ని, శబ్దంతో తట్టి, మూడడుగుల దూరంలో ఎంత మోగిందో వింటుంది. పైపు వెనక సిమెంటు లేకపోతే గంటలా ఖంగుమంటుంది, ఏడంగుళాల కేసింగ్‌లో ఆ మోత కొలత సుమారు 60 మిల్లీవోల్టులు. పట్టు గట్టిగా ఉంటే ఆ మోత సిమెంటులోకీ రాతిలోకీ ఇంకిపోయి అంకె బాగా పడిపోతుంది. అంకె తక్కువైతేనే మంచిది, కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే.

‘మైక్రో యాన్యులస్’కి ‘వెంట్రుకవాసి సందు’ అని రాశాను. పైపుకీ సిమెంటుకీ మధ్య అంత సన్నని సందున్నా లాగ్ పట్టు లేదన్నట్టే చూపిస్తుంది. పైపులో ప్రెషర్ పెట్టి మళ్లీ లాగ్ తీస్తే పైపు కాస్త ఉబ్బి సందు మూసుకుంటుంది, అంకె దిగుతుంది. ఆ రెండోసారి చూడకుండా సిమెంటు పాడైందని తేల్చేయకూడదు.

> మరి ‘లాగ్’కి ‘చిట్టా’ అంటే?

నాకూ ఇష్టమైన మాటే, కానీ చిట్టా రోజువారీది, ఇది లోతువారీది. పైగా ఇంగ్లీషువాళ్ల లాగ్ కూడా ఓడ వేగం కొలవడానికి తాడు కట్టి నీళ్లలో పడేసిన చెక్కముక్క నుంచి వచ్చిందే. 1927లో ఫ్రాన్స్‌లోని పెషెల్‌బ్రాన్‌లో ష్లుంబర్జర్ అన్నదమ్ముల బృందం మొదటి విద్యుత్ లాగ్ తీసినప్పుడు పరికరాన్ని మీటరుకోసారి ఆపి, చేత్తో గీత గీశారు. లాగ్‌ని లాగ్‌గానే ఉంచుదాం, రిగ్గు మీద అందరూ అనేది అదే.

నాకు చిక్కనిది ‘ఛానెల్’. ఒక పక్క పట్టి, ఇంకో పక్క సిమెంటు లేక దారి మిగిలిపోతే గ్యాస్ పైకెక్కేది అందులోంచే. ఈ లాగ్ చుట్టూరా సగటే చెప్తుంది, అది ఏ పక్కనుందో తెలియాలంటే అల్ట్రాసోనిక్ స్కాన్ చేయాలి. ‘కాలువ’ అంటే పొలం గుర్తొస్తోంది. మేస్త్రీల నోట ఇలాంటి ఖాళీకి మాటేదైనా విన్నారా?