4294967297 ప్రధాన సంఖ్య కాదని కాగితం మీద ఎలా తేల్చాలి?

ప్రశ్న:
మా అమ్మాయి పదో తరగతి. లెక్కల సార్ బోర్డు మీద 4294967297 రాసి, ఇది ప్రధాన సంఖ్యో కాదో కాలిక్యులేటర్ ముట్టకుండా తేల్చుకురమ్మన్నారట. 429 కోట్ల పైచిలుకు! అంకెల మొత్తం 59, కాబట్టి 3 పోదు. 7, 11, 13 అంటూ 47 దాకా భాగించేసరికి నోటుబుక్కులో ఎనిమిది పేజీలు అయిపోయాయి. వర్గమూలం 65536 దాటుతోంది, ఆ లోపు ప్రధాన సంఖ్యలే 6542 ఉన్నాయి. దగ్గర దారి ఏమైనా ఉందా?

జవాబు 1:
ఉందండీ. అది 2³² + 1. 2 మీద ఘాతం 1, 2, 4, 8, 16 అంటూ రెట్టింపవుతూ పోయే ఈ వరుసలో ముందున్న 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే కాబట్టి ఇదీ అంతేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ కాదని తేల్చాడు. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64తో భాగిస్తే శేషం 1 రావాల్సిందే. 65, 129 లాంటివి ప్రధాన సంఖ్యలు కావు కనుక వదిలేస్తే మిగిలేవి 193, 257, 449, 577, 641. అయిదోదానికే పని అయిపోతుంది: 641 × 6700417. ఈ నియమం రుజువుకి కావలసిన సిద్ధాంతం ఫెర్మాదే, ఆయనే ఇక్కడ వాడి చూడలేదే అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

జవాబు 2:
641 అని తెలిశాక అసలు భాగహారమే అక్కర్లేదు, ఇది పాపకి తప్పకుండా చూపించండి. 640 అంటే 5 × 2⁷. 641తో భాగించేటప్పుడు 640ని −1 అనుకోవచ్చు కదా, దాన్ని నాలుగో ఘాతానికి పెంచితే 5⁴ × 2²⁸కి శేషం 1. ఇక 5⁴ అంటే 625, అది 641కి 16 తక్కువ, కాబట్టి దాని బదులు −2⁴ పెట్టండి. −2³²కి శేషం 1 అని వస్తుంది. అంటే 2³² + 1కి శేషం సున్నా! నేను మొదటిసారి చూసినప్పుడు కాగితం పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ ఇద్దరికీ. రాత్రి అన్నాలయ్యాక ఇద్దరం కూర్చుని చేశాం. మరి 6700417 సంగతేంటి, అది ఇంకా విడిపోతుందా అని అడుగుతోంది.

జవాబు 1:
విడిపోదు, అది ప్రధాన సంఖ్యే. తనని కూడా చూసుకోమనండి, 64 నియమం దీనికీ పనిచేస్తుంది. వర్గమూలం 2588 దగ్గర, 577 దాకా ఏవీ భాగించవని ఇందాకే తేలింది కాబట్టి 641 మళ్ళీ ఒకసారి, తర్వాత 769, 1153, 1217, 1409, 1601, 2113. ఏడే భాగహారాలు. దారిలో రామానుజన్ గారి 1729 కూడా తగులుతుంది, 64 × 27 + 1 కదా, కానీ అది 7 × 13 × 19 కాబట్టి చూడక్కర్లేదు.

అడిగినవారు:
1153 దగ్గర శేషం 334 వచ్చింది. మిగతా నాలుగూ నేనే చేస్తా నాన్నా, నువ్వు చెప్పొద్దు అంటోంది.