కరెంటు బిల్లు తగ్గించడానికి 1080 టీఐ తీసేసి 4060 వేస్తే గిట్టుబాటవుతుందా?

పాత టవర్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. నా కంప్యూటర్‌లో ఉన్నది జీటీఎక్స్ 1080 టీఐ గ్రాఫిక్స్ కార్డు. 2017లో వచ్చిన కార్డు, నేను సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మొరాయించలేదు, థర్మల్ పేస్ట్ మార్చానంతే. ఇబ్బందల్లా కరెంటు బిల్లుతోనే. మొన్న నేను గేమ్ మొదలుపెట్టగానే మీటరు మీద ఎర్ర లైటు గబగబా కొట్టుకోవడం మా నాన్న చూశారు. అప్పట్నుంచి బిల్లు ఎంత పెరిగినా పాపం నా కంప్యూటర్ టవర్‌దే. ఫ్రిజ్, గీజర్ అన్నీ అమాయకులు.

నా కార్డు 250 వాట్లు. ఆర్‌టీఎక్స్ 4060 అయితే 115 వాట్లే, ఆటలో నాదానికి సమానంగానో కాస్త పైనో ఉంటుందట. సగం కూడా తినదు కాబట్టి దాని ఖరీదు బిల్లులోనే వెనక్కి వస్తుందని నా ఆశ. రోజుకు రెండున్నర గంటలు ఆడతాను. పని కూడా ఈ సిస్టమ్ మీదే కాబట్టి పొద్దున ఆన్ చేస్తే పడుకునే దాకా ఆఫ్ చేయను. మానిటర్లు రెండు, ఒకటి 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మారుతుంది), ఇంకోటి 60. ఇంట్లో చూపించడానికి ఒక గట్టి లెక్క కావాలి. మార్చేయమంటారా?

రెండో షిఫ్ట్

మార్చొద్దని అనను. కానీ ఆ లెక్క పట్టుకుని నాన్నగారి దగ్గరికి వెళ్తే మీరే ఇరుక్కుంటారు.

250లోంచి 115 తీసేస్తే 135 వాట్లు. రెండున్నర గంటలకు మూడో వంతు యూనిట్. ఏడాదంతా ఒక్కరోజూ మానకుండా ఆడితే 123 యూనిట్లు. దాన్ని మీ యూనిట్ రేటుతో గుణించి, కొత్త కార్డు ధరను ఆ వచ్చిన దానితో భాగించండి. ఎన్నేళ్లో తేలుతుంది. నా కార్డుకు ఈ భాగహారం చేసినప్పుడు వచ్చిన సంఖ్య చూసి ఫోన్ బోర్లించి పెట్టేశాను.

పైగా ఆ 250 అనేది పైహద్దు. అంతా తినమని కార్డుకు మనమే చెబుతున్నాం. ఆఫ్టర్‌బర్నర్ అని కార్డు సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో పవర్ లిమిట్ 70 శాతానికి లాగండి, 175 వాట్ల దగ్గర ఆగుతుంది. ఫ్రేములు (సెకనుకు తెర మీద వచ్చే బొమ్మలు) 30 శాతం పడిపోతాయని భయపడకండి. నేను నా పాత కార్డు మీద చేసినప్పుడు వంద వచ్చే చోట తొంభై ఒకటి వచ్చాయి. క్లాక్‌ని, అంటే చిప్ వేగాన్ని, చివరి మెట్టు ఎక్కించడానికి చిప్‌కి వోల్టేజీ బాగా పెంచాలి, పవరేమో వోల్టేజీ వర్గంతో పాటు పెరుగుతుంది. అందుకే ఆ చివరి కొసరు ఫ్రేములే బాగా ఖరీదు. తర్వాత ఫ్రేమ్ రేటుకు క్యాప్, అంటే ఇంతకు మించొద్దని హద్దు, పెట్టండి. క్యాప్ లేకపోతే కొన్ని గేమ్‌లు ఖాళీ మెనూ స్క్రీన్‌ని కూడా సెకనుకు నాలుగు వందల సార్లు గీస్తాయి. మీరు లేచి మంచినీళ్లు తాగొచ్చేలోపు ఫ్యాన్ హోరెత్తిపోతూ ఉంటుంది, ఎందుకయ్యా అంటే ఏమీ లేదు.

నా సొంత కథ కూడా చెప్తాను, నవ్వుకోండి. 2023లో 3080 తీసి 4070 వేశాను. 320 వాట్ల చోట 200, ఆటలో దాదాపు అవే ఫ్రేములు. కాగితం మీద ఇంతకంటే మంచి మార్పు దొరకదు. బిల్లు పెరిగింది. తీసేసిన 3080 ఊరికే ఉంది కదా అని మా తమ్ముడు దాని చుట్టూ ఒక సిస్టమ్ కట్టుకున్నాడు. ముందు ఒకటి నడిచేది, ఇప్పుడు రెండు.

అన్నట్టు, మీటరు లైటు మాట మీరే ఎత్తారు. ఒక యూనిట్‌కి ఆ లైటు ఎన్నిసార్లు వెలగాలో మీటరు మీదే రాసి ఉంటుంది, మాదానిపై 3200 అని ఉంది. ఫ్రిజ్‌తో సహా ఇంట్లో అన్నీ ఆపి, సిస్టమ్ ఒక్కటే ఉంచి, ఐదు నిమిషాలు లెక్కపెట్టండి. గేమ్ ఆడుతూ ఒకసారి, ఊరికే డెస్క్‌టాప్ మీద ఉంచి ఒకసారి. ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, కొనాలో వద్దో అప్పుడు మాట్లాడదాం.

ఎనిమిది పిన్

పై అన్న చెప్పిన దానికి ఒకటి రెండు చేరుస్తాను. సాఫ్ట్‌వేర్ చూపించే వాట్లు నమ్మి కూర్చోకండి. ఆర్‌ఎక్స్ 580, 6700 ఎక్స్‌టీ లాంటి ఏఎమ్‌డీ కార్డుల్లో కనబడేది చిప్ తినేది మాత్రమే, బోర్డు మొత్తం లెక్క అందులో రాదు. పవర్ సప్లైలో వేడిగా పోయేది ఏ కార్డు సాఫ్ట్‌వేర్‌లోనూ కనబడదు. గోడ దగ్గర కొలిచిందే లెక్క.

తమ్ముడూ, 4060 విషయంలో ఇంకో మాట. నీ కార్డులో 11 జీబీ మెమరీ ఉంది, దాంట్లో 8. పైగా మదర్‌బోర్డుతో కలిపే పీసీఐఈ దారిలో అది ఎనిమిది లేన్లే వాడుకుంటుంది. నీ మదర్‌బోర్డు పాత పీసీఐఈ జెన్ 3 (మూడో తరం) అయితే, మెమరీ నిండిన గేమ్‌ల్లో ఆ ఇరుకు తెలుస్తుంది. టెక్స్చర్లు (గేమ్‌లో వస్తువుల పైపూత బొమ్మలు) అల్ట్రాలో పెట్టే అలవాటు ఉంటే కరెంటు మిగిలినా విసుగు తప్పదు.

మార్చడానికి అసలు కారణం వేరే ఉంది. నీ కార్డులో రే ట్రేసింగ్ (వెలుతురు దారిని లెక్కగట్టి బొమ్మ గీయడం) హార్డ్‌వేర్ లేదు, అది లేకపోతే తెరుచుకోని గేమ్‌లు ఇప్పటికే వస్తున్నాయి. దానికోసం మార్చు, తప్పులేదు. బిల్లు పేరు చెప్పి మార్చకు.

పాత టవర్

అన్నలూ, లెక్కపెట్టాను. మా మీటరు కూడా 3200దే. నాన్న ఫోన్‌లో టైమర్ పట్టుకున్నారు, నేను లైటు లెక్కపెట్టాను. మధ్యలో ఆయన పలకరిస్తే తప్పిపోయి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

గేమ్‌లో ఐదు నిమిషాలకు 112. అంటే 420 వాట్లు, మానిటర్లు, రౌటర్ అన్నీ కలిపి. గేమ్ ఆపేసి డెస్క్‌టాప్ మీద ఉంచితే 34. అంటే 127 వాట్లు! ఏమీ చేయకుండానే. ఇది తప్పు లెక్క కాదు కదా?

రెండో షిఫ్ట్

తప్పు కాదు. మీ దొంగ దొరికాడు. రెండున్నర గంటల ఆట ఒక యూనిట్ పైన కొంచెం. మిగతా పన్నెండు గంటలు ఊరికే వెలిగినందుకు యూనిట్‌న్నర. ఆట కంటే ఖాళీగా ఉండటమే ఎక్కువ తింటోంది!

డెస్క్‌టాప్ మీద ఉండగా ఆఫ్టర్‌బర్నర్‌లో మెమరీ క్లాక్ (కార్డు మెమరీ వేగం) చూడండి. 405 మెగాహెర్ట్జ్ దగ్గరికి దిగాలి. 144, 60 మానిటర్లు రెండూ కలిపి పెడితే మీ తరం కార్డులు కొన్నిసార్లు కిందికి దిగవు. పెద్ద మానిటర్‌ని డెస్క్‌టాప్‌లో 120కి తగ్గించి చూడండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ఏం పెట్టి ఉందో కూడా చూడండి.

పాత టవర్

మెమరీ క్లాక్ 5500 దగ్గర కదలకుండా కూర్చుంది. కంట్రోల్ ప్యానెల్ తెరిస్తే సిగ్గేసింది. ఎప్పుడో ఒక వీడియో చూసి "ప్రిఫర్ మ్యాక్సిమమ్ పర్ఫార్మెన్స్" పెట్టి మర్చిపోయాను. ఎన్నేళ్లయిందో ఏమో. దాన్ని "నార్మల్" చేసి, 144ని 120 చేశాక క్లాక్ 405కి దిగింది. డెస్క్‌టాప్ మీద ఐదు నిమిషాలకు 25, అంటే 94 వాట్లు. పావుగంట ముట్టుకోకపోతే స్లీప్‌లోకి వెళ్లేలా కూడా పెట్టాను.

గేమ్‌లో పవర్ లిమిట్ 70 శాతం, క్యాప్ 75 ఫ్రేములు. లైటు 72 సార్లు, అంటే 270 వాట్లు. ఫ్రేములు తగ్గినట్టు నాకేం తెలియలేదు, నిజానికి ఫ్యాన్ గోల తగ్గిందే తెలిసింది.

ఇప్పుడు 4060 వేస్తే 175కీ 115కీ మధ్య మిగిలేది 60 వాట్లు. ఏడాదికి 55 యూనిట్లు. భాగహారం చేశాను, నేనూ ఫోన్ బోర్లించాను. కార్డు సంగతి, ఆ రే ట్రేసింగ్ గేమ్ ఏదైనా నాకు నిజంగా ఆడాలనిపించినప్పుడు చూస్తాను.

నాన్నకి ఈ లెక్కపెట్టే పని బాగా నచ్చింది. ఈ పొద్దున గీజర్ వేసి మీటరు దగ్గర నిలబడ్డారు. నిమిషంలోనే వంద దాటేసరికి లెక్క తప్పి, ఏం మాట్లాడకుండా లోపలికి వచ్చేశారు.